సంత రోజు తెరిచిన బోన్లు

చండ్రుగొండ సెంటర్లో కోటేష్‌కు పురుగుమందుల షాపు ఉండేది. మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో రైతులు ఆ షాపు ముందు బల్ల మీద కూర్చుని, పురుగుకూ తెగులుకూ మందు కొనుక్కుని, లేవబోతూ ఒకే మాట అడిగేవారు. కోతులకు మందు లేదా అని. అది జవాబు కోసం అడిగే మాట కాదు. కోటేష్ కూడా ఎగతాళిగానే, ఆంజనేయస్వామి లైసెన్సు ఇవ్వడం లేదనేవాడు. ఒకరోజు మాత్రం అతను నవ్వలేదు.

"ఉంది. కాని డబ్బాల రాదు. మనమందరం కలిస్తెనే తయారైతది" అన్నాడు.

ఈల పార్టీ అక్కడ పుట్టింది. కాగితాల మీద దాని పేరు పంట రక్షణ పార్టీ. ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవలేదు.

ఆ మాట అన్నప్పుడు బల్ల చివర బలరాం కూడా ఉన్నాడు. కోటేష్ షాపుకు సరుకు దింపే బొలెరో ట్రాలీ అతనిది. నలభైకి దగ్గర పడినా పెళ్లి కాలేదు. చండ్రుగొండ పక్క తండాలో అతన్ని ఎవరూ చెడ్డవాడనరు, మంచివాడనీ అనరు. అసలు అతని గురించి ఏమీ అనరు. పెళ్లి బంతిలో వడ్డించేవాళ్లు అతని విస్తరి దాటిపోయి, మళ్లీ గుర్తొచ్చి వెనక్కి వచ్చేవారు. చిన్నప్పటి నుంచీ ఇదే తీరు కావడంతో అతను దానికొక పద్ధతి నేర్చుకున్నాడు. ఏదీ అడగకుండా ఉండడం. అడిగితే లేదంటారన్న భయం అతనికి పెద్దగా లేదు. అడిగితే తల తిప్పి చూసి, నువ్వు ఇక్కడే ఉన్నావా అంటారన్నదే భయం.

లోకంలో అతన్ని దాటిపోని మనిషి ఒక్కతే, అక్క హేమ్లి. తల్లి పోయేనాటికి బలరాం ఇంకా పాలు మానలేదు. లంగా ఓణీ వయసైనా రాని హేమ్లి అతన్ని చంకన వేసుకుని మిరప తోటల్లో కూలికి పోయేది. తర్వాత ఆమెను పినపాక అవతల, అడవి అంచున ఉన్న వాగొడ్డు తండాకు ఇచ్చారు. పిల్లలు లేరు. భర్త ధన్‌సింగ్ పాము కరిచి పోయాడు. మిగిలింది వాన కోసం ఎదురుచూసే మక్క చేనొకటి. ఏడాదంతా ఆమె తినేది ఆ మక్కలే. ఉప్పూ నూనే సబ్బూ కూడా అందులోంచే రావాలి. బోరు లేదు, వేయించుకునే తాహతూ లేదు. ఆ చేను ఒక్క ఏడు చేతికి రాకపోతే ఆమె ఎవరి గుమ్మం ముందైనా నిలబడవలసిందే, ఆమె నిలబడే మనిషి కాదు. బలరాంకు ఇదంతా తెలుసు. ఆ దారిన కిరాయి దొరికినప్పుడల్లా ఆమె ఇంటి ముందు బండి ఆపి, వాళ్ల భాషలో అక్కను పిలిచే తీరులో "బాయీ" అని కేకేసేవాడు. ఆమె ఎవరని అడగకుండానే పొయ్యి రాజేసేది.

మొదటి ధర్నాకు బలరాం బండి తోలేవాడిగానే వచ్చాడు. కోతులు కొరికి పారేసిన కంకుల్ని చేలల్లోంచి ఏరి, ట్రాలీ నిండా తెచ్చి, కొత్తగూడెం రోడ్డు మీద కుప్ప పోశారు. వచ్చినవాళ్లకు ఈలలు పంచారు. చేలల్లో కోతుల్ని తోలడానికి వాడే ప్లాస్టిక్ ఈలలే. కోటేష్ చెయ్యెత్తగానే అందరూ ఊదారు. బలరాం కూడా ఊదాడు. తన ఈల తనకు వినిపించలేదు. అలా వినిపించకపోవడంలో ఒక సుఖం ఉందని అతనికి ఆ క్షణంలో తెలిసింది. ఇన్నేళ్లూ తన గొంతు ఒక్కటే ఎవరికీ వినపడదన్న బాధ ఉండేది. ఇప్పుడు పక్కవాడిదీ వినపడడం లేదు. అందరూ సమానంగా మాయమైపోయి, అందరి బదులు ఒక పెద్ద చప్పుడు రోడ్డు మీద నిలబడింది. అందులో తన వాటా ఉంది. బస్సులు ఆగాయి. పోలీసులు బతిమాలారు. ఇంటికి పోయాక కూడా పెదవులు తిమ్మిరిగానే ఉన్నాయి. ఆ తిమ్మిరి తెల్లారేదాకా ఉంటే బాగుండునని అనుకుంటూ నిద్రపోయాడు.

కోతి మీద కోపం తేలికైన కోపం. ధర పడగొట్టిన వ్యాపారి మీద కోపం వస్తే రేపు మళ్లీ అతని దగ్గరికే పోవాలి. అడవి ఆఫీసరు మీద వస్తే కేసవుతుంది. వాన మీద వస్తే చెప్పుకునే చోటు లేదు. ఇంట్లో కొడుకు మీద వస్తే వాడు తిరిగి అరుస్తాడు. ఇవన్నీ లోపల పెట్టుకుని తిరిగే మనిషికి, ఇంటి కప్పు మీద కూర్చుని తన అన్నం గిన్నె నాకుతున్న కోతి కనపడితే, కోపాలన్నీ ఒక్క దారిలో పోతాయి. పైగా అది దేవుడి జంతువు కావడంతో అందరూ ముందు చేతులు జోడించి, తర్వాతే రాయి విసిరేవారు. భయం, భక్తి, పగ మూడూ ఒకే చేతిలో ఉండేవి. కోటేష్ ఏ పుస్తకమూ చదవకుండానే ఈ సంగతి పసిగట్టాడు. సభల్లో అతను రోడ్ల గురించి గాని, దవాఖానాల గురించి గాని ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఎవరైనా అడిగితే, "ముందు నీ పళ్లెంల అన్నం నువ్వు తినాలె గద, తిన్నంక రోడ్డు సంగతి చూద్దాం" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. గెలిస్తే కోతులతోనే ప్రమాణం చేయిస్తారా అని ఎదుటి పార్టీవాళ్లు గేలి చేశారు. ఆ గేలి కూడా ఈల పార్టీకే కలిసొచ్చింది.

మండల పరిషత్ ఎన్నికల్లో ఈల గుర్తు మీద నిలబడినవాళ్లు ఎక్కువమంది గెలిచారు. కోటేష్ మండలాధ్యక్షుడయ్యాడు. షాపు ముందు బల్ల తీసేసి కుర్చీలు వేశారు. బలరాంకు మెడలో ఆకుపచ్చ కండువా, బండి మీద పార్టీ పేరు, కోతుల్ని పట్టించి అడవిలో వదిలి రావలసిన పని వచ్చాయి. పట్టేవాళ్లు పై జిల్లా నుంచి వచ్చేవారు. బోనులో అరటిపళ్లు పెట్టి తాడు పట్టుకుని కూర్చునేవారు. నిండిన బోన్లను ట్రాలీలో ఎక్కించి, పైన ఎన్నికల పాత ఫ్లెక్సీలు కప్పేవారు. దారిలో జనం బలరాంను చూసి చెయ్యి ఊపేవారు. పేరు పెట్టి పిలిచేవారు. తన పేరు ఇంతమంది నోళ్లలో పడి, అరిగిపోకుండా తిరిగి రావడం అతనికి వింతగా ఉండేది.

లోపలి అడవికి బండి పోయే దారి లేదు. అందువల్ల అడవి అంచున, ఏదో ఒక మలుపులో బోన్లు తెరిచేవాడు. తెరిచే ముందు చేతులు జోడించేవాడు. తెరిచాక అవి అడవిలోకే పోతున్నాయా, మలుపు అవతలి ఊరివైపు పోతున్నాయా అని చూసేవాడు కాదు. అతనికి మొదటి నుంచీ ఉన్న పద్ధతే ఇక్కడా పనికొచ్చింది.

కొన్నాళ్లకు ఆ మలుపుల అవతలి ఊళ్ల నుంచి కోటేష్‌కు ఫోన్లు వచ్చాయి. మా ఊళ్లో కూడా కోతులు పడ్డాయి, మాకు కూడా పార్టీ పెట్టమని. మొదటి ఫోనుకు కోటేష్ పడి పడి నవ్వాడు. రెండో ఫోనుకు నవ్వలేదు. మూడోది వచ్చినప్పుడు ఫోను జేబులో పెట్టుకుని, గోడకు వేలాడుతున్న జిల్లా మ్యాపు దగ్గరికి పోయి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎక్కడ బోన్లు తెరవాలో తనే చెప్పసాగాడు. ఎందుకక్కడ అన్న మాటను అతనూ చెప్పలేదు, బలరాం కూడా అడగలేదు. ఒక పనిని మాటల్లో పెట్టకపోతే అది ఇంకా జరగనట్టే ఉంటుంది. ఇద్దరూ ఆ సందులో నిలబడి పని చేశారు. ఏ ఊరి దగ్గర బోన్లు తెరిచేవారో, పంట చేతికొచ్చే వేళకు ఆ ఊళ్లో ఈలలు పంచేవారు. పార్టీ అలా మండలం దాటింది.

ఒకరోజు కోటేష్ పినపాక పేరు ఎత్తాడు.

"ఈసారి అవతల వాగొడ్డు వైపు దించు. అటు మనోళ్లు ఒక్కలు లేరు."

జీవితంలో మొదటిసారి బలరాం అడగని మాటకు జవాబు చెప్పాడు. "అక్కడ మా అక్క ఉంటది అన్నా."

కోటేష్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మంచిదే గద తమ్మీ. రేపు మీటింగు పెడితే మనకు దిగనీకి ఒక ఇల్లున్నట్టు."

ఆ చెయ్యి భుజం మీద ఉన్నంతసేపూ బలరాం ఏమీ ఆలోచించలేకపోయాడు. తనను ఇలా ముట్టుకుని మాట్లాడిన మగవాడు అంతకుముందు లేడు. చెయ్యి తీసేశాక ఆలోచన వచ్చింది గాని, అప్పటికి అది కాదనే ఆలోచనగా కాక, ఎలా చేయాలన్న ఆలోచనగా మారిపోయింది. తండా అంతా సంతకు పోయే రోజు చూసుకుంటే ఎవరూ చూడరు. తండాకు కాస్త ఎడంగా, వాగు అవతల తెరిస్తే అవి అడవిలోకే పోవచ్చు. అడవిలో నీళ్లున్నాయి, తునికి పళ్లున్నాయి. పోవచ్చు. దారి పొడుగునా ఈ 'పోవచ్చు' అన్న మాటను అతను నోట్లో చప్పరిస్తూనే ఉన్నాడు.

సంత రోజు, ఎండ నడినెత్తికి వచ్చిన వేళ తండా ఖాళీగా ఉంది. వాగులో నీళ్లు తక్కువే, బండి దాటగలదు. కాని చక్రం దిగబడుతుందేమో అనుకుని, లేదా అలా అనుకోవాలనుకుని, అతను వాగుకు ఇవతలే ఆపాడు. అక్కడి నుంచి అక్క ఇంటి కప్పు కనపడుతుంది. పొగ లేదు. సంతకు పోయిందని ఊరట పడ్డాడు. చేతులు జోడించి బోన్లు తెరిచాడు. ప్రయాణంలో నోరు మెదపని కోతులు నేల మీద కాలు పెట్టగానే అరిచాయి. పెద్ద పోతుకోతి ఒకటి బోను మీదికెక్కి, అతని ముఖంలోకి కాసేపు చూసి, వాగు వైపు కాకుండా చేల వైపు దిగింది. మిగతావి దాని వెంట పోయాయి. బలరాం బండి తిప్పుకుని వచ్చేశాడు. ఆ దారిన వచ్చి అక్క ఇంట్లో మంచినీళ్లు తాగకుండా పోవడం అతనికి అదే మొదలు.

వారం తిరక్కుండా హేమ్లి ఫోన్ చేసింది. చేలో కోతులు దిగాయని చెప్పింది. ఆమె గొంతులో ఏడుపు లేదు, కంగారు లేదు. ఏదో అడగడానికి ముందు ఆగినట్టు ఆగి, తర్వాత అడిగింది.

"యాడికెళ్లి వచ్చినయంటవ్ రా ఇవి?"

"అడివిల తిండి లేక దిగుతున్నయ్ బాయీ. అన్ని ఊళ్లల్ల గిట్లనే ఉంది."

"అవ్, గట్లనే కావొచ్చు" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

పార్టీ వాగొడ్డు తండాకు పోయింది. కోటేష్ హేమ్లి ఇంటి వాకిట్లోనే మీటింగు పెట్టాడు. జనానికి ఈలలిచ్చారు, వాయించడానికి రేకు డబ్బాలిచ్చారు. కొన్ని కోతుల్ని పట్టుకుపోయారు, అన్నింటినీ కాదు. హేమ్లి అందరికీ చాయ్ ఇచ్చింది. బలరాంకు కూడా అందరితో పాటే, అందరికిచ్చిన గ్లాసులోనే ఇచ్చింది. అతనికి విడిగా ఉండే కంచు లోటా ఆ ఇంట్లో ఉంది. ఆమె దాన్ని తియ్యలేదు. జనం ఎక్కువై మర్చిపోయిందనుకున్నాడు. అలా అనుకోవడానికి కాస్త కష్టపడవలసి వచ్చింది.

ఆ ఏడు ఆమె చేనులో సగం పైగా పోయింది. మిగిలిందాన్ని కాపాడుకోవడానికి చేను మధ్య కర్రలతో మంచె వేసుకుని, పగలంతా దాని మీదే కూర్చుంది. మరుసటి ఏడు కూడా అంతే. కంకులు గట్టిపడే రోజుల్లో ఒక మధ్యాహ్నం, పెద్ద పోతు మంచె మీదికే ఎక్కి పళ్లు చూపింది. హేమ్లి వెనక్కి జరిగింది. వెనక ఏమీ లేదు. తుంటి ఎముక విరిగింది. బలరాం ఆమెను తన బండిలోనే, బోన్లు దింపేసిన చోట గడ్డి పరిచి, సారపాక మీదుగా గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు. దారి పొడుగునా ఆమె మూలగలేదు. ట్రాలీ లోపల ఇంకా కోతుల వాసన ఉంది. అద్దంలోంచి చూస్తే ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆపరేషన్ అయింది. ఎముక సరిగా అతకలేదు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేయడానికి మించి నడవలేదని డాక్టరు చెప్పాడు. బలరాం ఆమెను చండ్రుగొండ దగ్గరి తన తండాకే తెచ్చుకున్నాడు. ఆమె కాదనలేదు. అతని వంట ఆమె తినేది. అతను స్నానానికి నీళ్లు పెడితే చేసేది. పక్కింటి సోమ్లి వచ్చి తల దువ్వుతూ, ఇలాంటి తమ్ముడు ఎవరికుంటాడని పొగిడితే ఊరుకునేది. ఆ ఊరుకోవడాన్ని బలరాం రోజుకో రకంగా చదివేవాడు. నొప్పి అనుకునేవాడు. వయసు అనుకునేవాడు. అక్క తన దగ్గర ఉంది, తను ఆమెను చూసుకుంటున్నాడు. ఇలా ఎంతకాలం చూసుకుంటే వాగు ఇవతల చేసింది చెల్లిపోతుందని లోపల ఒక లెక్క నడిచేది. చెల్లదని కూడా అదే లెక్క చెప్పేది. చెప్పేద్దామని ఎన్నోసార్లు ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. చెబితే తను ఎవరికీ ఏమీ కానివాడైపోతాడు. దుప్పటి సర్ది లేచిపోయేవాడు.

ఈలోగా పార్టీ పలచబడింది. దాన్ని ఎవరూ ఓడించలేదు, ఎవరూ చీల్చలేదు. రైతులు మక్క వేయడం మానేశారు. పల్లీ మానేశారు, కూరగాయలు ఎప్పుడో మానేశారు. నీళ్లున్నవాళ్లు పామాయిల్ తోటలు పెట్టుకున్నారు. లేనివాళ్లు పత్తి వేశారు. పత్తిని కోతి తినదు. నోటికి పోయేదేదీ చేలో లేకపోయాక కోతులు ఊళ్ల పక్క నుంచే పోయేవి, లేదా సెంటర్లో హోటళ్ల చుట్టూ తిరిగేవి. తిండిగింజ పండించే మనిషి మిగలకపోయేసరికి తిండిగింజల పార్టీకి మనిషి మిగల్లేదు. మంచెలు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. ఊళ్లు నిశ్శబ్దమయ్యాయి. చుట్టూ పచ్చగానే ఉంది, తినేది మాత్రం ఏదీ లేదు. కోటేష్ కూడా తన పొలంలో పామాయిల్ పెట్టాడు. జనం కోపం ఎక్కడికి పోయిందో బలరాంకు అర్థం కాలేదు. వ్యాపారి ఉన్నాడు, ఆఫీసరు ఉన్నాడు, వాన అలాగే ఉంది. కోపం మాత్రం ఒక తరం మర్చిపోయిన పాటలాగా, ఎవరికీ ఎత్తుగడ గుర్తు రాకుండా పోయింది.

మక్క మానలేనివాళ్లు వాగొడ్డు లాంటి తండాల్లో కొంతమంది మిగిలారు. బోరు లేనివాళ్లు, పత్తి కూడా పండని ఎర్ర గరుపు నేలవాళ్లు. అన్ని ఊళ్లూ వదిలేసిన కోతులు వాళ్ల మీదికే చేరాయి. పార్టీ నిజంగా అవసరమైనవాళ్లు వాళ్లే. వాళ్ల ఓట్లు ఒక్క సీటుకు కూడా చాలవు.

ఆ సమయంలో పినపాకలో సభ పెడుతున్నానని కోటేష్ కబురు చేశాడు. హేమ్లిని వేదిక మీదికి తేవాలని అన్నాడు. కోతుల వల్ల కాళ్లు పోగొట్టుకున్న మనిషిని చూస్తే జనం మళ్లీ కదులుతారని అతని మాట. బలరాం ఆమెకు ఒంట్లో బాగాలేదన్నాడు. కోటేష్ నేరుగా ఇంటికి వచ్చి హేమ్లినే అడిగాడు. ఆమె వస్తానంది. అతను పోయాక బలరాం, "ఎందుకు బాయీ నీకు, దుమ్ముల, ఎండల" అని నసిగాడు. తనను ఇంతవరకు ఎవరూ నాలుగు మాటలు చెప్పమని అడగలేదని ఆమె అంది. అడగబడాలన్న ఆకలి ఏమిటో అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు.

సభకు కుర్చీలు చాలా వేశారు. ముందు వరసలు తప్ప మిగతావన్నీ ఖాళీ. మైకు సెట్టువాడు ఖాళీ కుర్చీల్లో ఒకదాని మీద కాళ్లు చాపుకున్నాడు. నలుగురు కలిసి హేమ్లిని కుర్చీతో సహా వేదిక ఎక్కించారు. మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. బలరాం వేదిక కింద, స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"మా తండల అంతకుముందు కోతులు లేవు" అంది హేమ్లి.

ఆగింది. ఆమె చూపు ఖాళీ కుర్చీల మీదుగా తిరిగి, స్తంభం దగ్గర ఆగింది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాడు బలరాం. ఎందుకలా అనుకున్నాడో తెలియదు. ఆమెకు తెలిసే దారి లేదని అతని నమ్మకం. చెబితే బాగుండునని కూడా ఏదో ఒక మూల అనిపించింది.

"ఎట్ల వచ్చినయో నన్ను అడగకండ్రి. వచ్చినయ్. నేను పడ్డ. ఇంకొకలు పడొద్దు. గంతే."

ఆమె మైకు పక్కకు నెట్టింది. ముందు వరసలో ఎవరో ఈల ఊదారు, తోడు రాక ఆపేశారు. తర్వాత కోటేష్ మాట్లాడాడు. పోరాటం ఇంకా పెద్ద వేదిక మీద చేయాల్సి ఉందన్నాడు. అందుకే మన పార్టీని పెద్ద పార్టీలో కలుపుతున్నానని అన్నాడు. అప్పటిదాకా వేదిక వెనక కారులో కూర్చున్న నాయకుడొకడు దిగి వచ్చి అతని మెడలో ఇంకో రంగు కండువా వేశాడు. కోటేష్ ఆకుపచ్చ కండువా తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, హేమ్లి కుర్చీ వీపు మీద వేశాడు. ఫొటోలు తీశారు. ఆ ఫొటోల్లో ఆమె కూడా పడింది.

బండి ముందు సీట్లో ఎక్కించాక ఆమె చండ్రుగొండ వద్దంది. "మా తండాకు పోనీ."

వాగు దగ్గరికి వచ్చారు. సాయంత్రం ఎండ చేల మీద పడుతోంది. అక్కడ ఆమె బండి ఆపమంది. అతను ఆపాడు. సరిగ్గా అక్కడే ఆపానని ఆపాక తెలిసింది.

"ఆ సంత రోజు నాకు జరమొచ్చింది" అంది హేమ్లి. "పోలే. తలుపేసుకోని పండుకోని ఉన్న. నీ బండి చప్పుడు నాకు తెల్వదా. లేచి చూసిన."

బలరాం స్టీరింగు మీది తన చేతులు చూసుకున్నాడు. అవి ఎవరివో అన్నట్టు ఉన్నాయి.

"నువ్వు దండం పెట్టినది చూసిన. బోన్లు తెరిసింది చూసిన. తమ్ముడు చేసిండంటే ఏదో ఉంటది, ఇంటికొచ్చి చెప్తడనుకున్న. జరంతోనే లేచి పొయ్యి ముట్టించిన. అన్నం వండిన. నువ్వు బండి మలుపుకోని పోయినవ్."

"బాయీ..."

"ఫోన్ జేసి అడిగిన. అడివిల తిండి లేదన్నవ్. ఇగ నేనేం అడుగుత."

ఇంత తెలిసీ తన ఇంట్లో ఎలా ఉన్నావని అడగాలని అతనికి అనిపించింది. ఆమె ముఖం తిప్పకుండానే ఆ అడగని మాటకు జవాబు చెప్పింది.

"కాళ్లు లేనిదాన్ని, యాడికి పోదును. ఇయ్యాల నలుగురి ముందల చెప్తనేమో అనుకుంట పోయిన. నోరు రాలే. చంకనేసుకోని పెంచినదాన్ని, రాలే. మైకుల చెప్పకపోయినంత మాత్రాన నిన్ను ఇంట్ల పెట్టుకుంటనని అనుకోకు. పోనీ ఇగ."

ఇంటి ముందు బండి చప్పుడు విని పక్కింటి నుంచి ఒక చిన్నది వచ్చింది. హేమ్లి లేని కాలంలో ఆ ఇంటికి కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, జమ్లి. ఆమె బలరాంను ఎప్పుడూ చూడలేదు. ఇద్దరూ కలిసి హేమ్లిని లోపలికి మోసి, దులిపిన మంచం మీద పడుకోబెట్టారు. బూజు పట్టిన గోడలు, పెంకులు లేచిపోయిన కప్పు. బలరాం గుమ్మం బయటికి వచ్చి నిలబడ్డాడు. పొమ్మనలేదు, ఉండమనలేదు. ఈ రెంటికీ మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక వాకిట్లో నిలబడ్డాడు.

లోపల జమ్లి నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు, బయట నిలబడ్డది ఎవరు పెద్దమ్మా, మీవోళ్లా అని.

"కాదు. పార్టీ ఆయన" అంది హేమ్లి.

జమ్లి గుమ్మం దాకా వచ్చింది. కొంగు భుజం మీదికి లాక్కుని, ఆఫీసరుతో మాట్లాడినట్టు దూరంగా నిలబడి, మర్యాదగా చెప్పింది.

"ఆమె పండుకుంటదట సార్. మీరు ఇగ పోండ్రి. ఏమన్న పనుంటే ఊళ్లె పెద్దమనుషులతోని మాట్లాడుకోండ్రి."

బలరాం సరేనన్నాడు. జమ్లి తలుపు దగ్గరికి వేసింది. కప్పు మీద పెంకు ఒకటి జారి వాకిట్లో పడింది. పైన ఏదో కదిలింది. అతను తలెత్తి చూడకుండా బండి దగ్గరికి నడిచాడు.